రొయ్యపిల్లకు కొత్తిల్లు!

కొత్తకోడలు అత్తారింట్లో కుదురుకోవడానికి నెలలు పడుతుంది. హేచరీలో పుట్టిన రొయ్యపిల్లకు మాత్రం ఆ అవకాశం లేదు. కొత్త గుంటకు అలవాటుపడేందుకు దానికి దక్కేది ఒక్కోసారి గంటో రెండు గంటలో! నెల్లూరు తీరంలో రైతు కౌలు, అప్పు, ఆశ... అన్నీ ఆ కాసేపటి మీదే ఆధారపడతాయి.

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు... ఈ తీర మండలాల్లో ఎటు చూసినా రొయ్యల గుంటలే. వాటిలో వేసే పిల్లల్ని ‘సీడు’ అంటారు. ఎండ తగలకుండా రాత్రిపూటో తెల్లవారుజామునో వాటిని తరలిస్తారు. ప్లాస్టిక్ సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. ఆ కొద్ది నీళ్లలోనే వెంట్రుకల్లాంటి పిల్లలు వేలల్లో ఉంటాయి.

ఉప్పుతోనే తంటా!

హేచరీ నీటిలో ఉప్పు లీటరుకు సుమారు 30 గ్రాములు ఉంటుంది. గుంటలో అంతే ఉండాలని లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడితే నీరు చప్పబడుతుంది. ఎండాకాలంలో ఆవిరైపోయి ఉప్పదనం పెరుగుతుంది.

రొయ్య ఒంట్లో ఉప్పు, నీటి సమతూకాన్ని చూసుకునేది ముఖ్యంగా మొప్పలే. ఉప్పునీటి పిల్లను ఒక్కసారిగా చప్పటి నీళ్లలో వేస్తే బయటి నీరు ఒంట్లోకి చొరబడుతుంది, లోపలి లవణాలు బయటికి పోతాయి. మెల్లగా అలవాటు చేస్తే వనామీ రొయ్య దాదాపు మంచినీళ్లలోనూ బతుకుతుంది. తొందరపడితేనే ప్రమాదం. అందుకే రొయ్య రూపం వచ్చి కనీసం పది రోజులైన, మొప్పలు బలపడిన పిల్లల్నే ఎంచుకోమంటారు నిపుణులు.

ఎలా వదలాలంటే...

ముందు సంచుల్ని విప్పకుండా పావుగంట నుంచి అరగంట దాకా గుంటలో తేలనివ్వాలి. లోపలి, బయటి నీటి వేడి సమానమవుతుంది. తర్వాత మూతి విప్పి, గుంట నీటిని కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. ఉప్పు, పీహెచ్ తేడా ఎంత ఎక్కువుంటే అంత నిదానం అవసరం. తేడా మరీ ఎక్కువైతే హేచరీలోనే ముందుగా ఉప్పు తగ్గించి పంపమని అడగడం మేలు. చివరికి సంచిని వంచితే పిల్లలు వాటంతటవే ఈదుకుంటూ వెళ్లాలి. ఇదంతా చల్లటి వేళల్లోనే!

చనిపోయిన పిల్ల పైకి తేలి కనిపించదు, అడుక్కి చేరుతుంది. అందుకే వంద పిల్లల్ని లెక్కపెట్టి సన్నటి వలబుట్టలో వేసి గుంటలోనే ఉంచుతారు. 48 గంటల తర్వాత ఎన్ని బతికాయో చూస్తారు. లక్ష పిల్లల్లో పదిశాతం పోతే పదివేలు. కిలోకు యాభై తూగే సైజులో లెక్కేస్తే 200 కిలోల రొయ్యలన్నమాట! పైగా లేని రొయ్యలకు వేసిన మేత అడుగున కుళ్లి, ఉన్నవాటినీ దెబ్బతీస్తుంది.

అయితే, ఎంత ఓపిగ్గా వదిలినా రోగమున్న సీడును కాపాడలేం. 1994-95లో తెల్లమచ్చల వైరస్ ఇక్కడి టైగర్ రొయ్యల సాగును కుదిపేసింది. అందుకే 2009లో లాటిన్ అమెరికా తీరపు వనామీకి అనుమతిచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే తల్లిరొయ్యల్ని చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించే ఏర్పాటు చేశారు.

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవాళ్లదీ ఇదే పాఠం. కొత్త రొయ్యనో నత్తనో తెచ్చినప్పుడు, సన్నటి గొట్టంతో తొట్టి నీటిని చుక్కచుక్కగా దాని పాత్రలోకి వదులుతారు. పగడాలను మాత్రం సముద్రంలోంచి తెచ్చి పెడదామనుకోకండి. మన దేశంలో పగడపు దిబ్బలు కట్టే జీవులు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి.

ఈ ఆదివారం మీ పళ్లెంలో రొయ్యల వేపుడుంటే, దాని వెనక ఓ రైతు గుంటగట్టున నిలబడి చూపిన ఓపికా ఉందని పిల్లలకు చెప్పండి!