చనిపోయినందుకు కాదు.. పోరాడినందుకు! మరణానంతర పతకం అంటే ఏమిటి?

డ్యూటీలో ప్రాణం పోతే ఆ ఇంటికి ఏం వస్తుందో గోదావరిఖని, రామగుండం గని కార్మికుల కుటుంబాలకు కొత్తగా చెప్పక్కర్లేదు. పరిహారం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం. అమరుడైన జవాను కుటుంబానికీ ప్రభుత్వ సాయం అందుతుంది. కానీ మరణానంతర పతకం వేరు. అది చనిపోయినందుకు ఇచ్చేది కాదు, శత్రువు ఎదుట నిలబడి చేసిన పనికి ఇచ్చేది. సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు విషయమే చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

గల్వాన్‌లో ఏం జరిగింది?

2020 జూన్ 15 రాత్రి, లడఖ్‌లోని గల్వాన్ లోయ. 16 బిహార్ రెజిమెంట్‌కు సంతోష్ బాబు కమాండింగ్ ఆఫీసర్. చైనా సైనికులు పదునైన ఆయుధాలతో దాడికి దిగారు, ఎత్తు మీద నుంచి రాళ్లు రువ్వారు. తుపాకులు పేలలేదు, పోరు అంతా చేతులతోనే. తీవ్రంగా గాయపడినా ఆయన వెనక్కి తగ్గలేదు. ముందుండి తన జవాన్లను నడిపిస్తూ చివరి శ్వాస వరకు పోరాడారు.

ఆ రాత్రి 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. మరణానంతరం సంతోష్ బాబుకు మహావీర చక్ర, మరో నలుగురికి వీర చక్ర ప్రకటించారు. ప్రాణాలతో బయటపడిన హవిల్దార్ తేజిందర్ సింగ్‌కు కూడా వీర చక్ర దక్కింది. అంటే చూసింది ఎవరు పోయారు, ఎవరు బతికారు అన్నది కాదు, ఎవరు ఏం చేశారన్నది.

ఎలా నిర్ణయిస్తారు?

శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమవీర, మహావీర, వీర చక్రలు ఇస్తారు. మిగతా సందర్భాల్లో అశోక, కీర్తి, శౌర్య చక్రలు. యూనిట్ అధికారి సాక్షుల మాటలతో సిఫార్సు రాసి పంపుతారు. అది పై స్థాయిలన్నీ దాటి రక్షణ శాఖకు చేరుతుంది. రాష్ట్రపతి ఆమోదం తర్వాత సాధారణంగా జనవరి 26 లేదా ఆగస్టు 15 సందర్భంగా ప్రకటిస్తారు.

1965 యుద్ధంలో హవిల్దార్ అబ్దుల్ హమీద్‌కు మాత్రం రోజుల్లోనే పరమవీర చక్ర ప్రకటించారు. ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌కు చెందిన ఆయన జీపు మీద అమర్చిన తోపుతో ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులను ఒక్కొక్కటిగా పేల్చేసి, సెప్టెంబర్ 10న అమరుడయ్యారు. 1966 గణతంత్ర వేడుకలో రాష్ట్రపతి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ఆయన భార్య రసూలన్ బీబీ పతకం అందుకున్నారు.

కుటుంబానికి ఏం వస్తుంది?

పతకంతో పాటు నెలవారీ భత్యం ఉంటుంది. 2017లో పెంచిన ప్రకారం పరమవీర చక్రకు 20,000, మహావీర చక్రకు 10,000, వీర చక్రకు 7,000 రూపాయలు. విజేత లేకపోతే అది భార్యకు చేరుతుంది. సైనిక కుటుంబాలు ఇలాంటి విషయాల్లో జిల్లా సైనిక సంక్షేమ అధికారి కార్యాలయాన్ని అడగవచ్చు.

సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, ఆయన భార్య సంతోషికి గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అది ఆ ఇంటికి జరిగిన నష్టానికి. 2021 నవంబర్‌లో రాష్ట్రపతి భవన్‌లో సంతోషి, తల్లి మంజుల కలిసి అందుకున్న మహావీర చక్ర మాత్రం ఆ రాత్రి ఆయన చేసిన పనికి. పిల్లలు పెద్దయ్యాక నాన్న ఎలా పోయాడని కాదు, ఏం చేశాడని చదువుకునే కాగితం అది.