ఫిత్రా ముందు, షీర్ ఖుర్మా తరువాత

సోదరులారా! ఫారసీలో షీర్ అనగా పాలు, ఖుర్మా అనగా ఖర్జూరం. ఆ ఖర్జూరమే ఫిత్రాకూ కొలత. స్థోమతగల గృహస్థుడు తనకూ, తన పసిబిడ్డలకూ తలకొక సా, అనగా నాలుగు దోసిళ్ళ ఖర్జూరం ఇవ్వాలి. హనఫీ విధానంలో గోధుమలైతే రెండు దోసిళ్ళు, లేదా వాటి వెల. ఈద్ నమాజుకు బయలుదేరక మునుపే ఇవ్వాలన్నది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆజ్ఞ. అది మన ఉపవాసాలలో దొర్లిన వ్యర్థపు మాటలకు ప్రక్షాళన, పేదవానికి ఆహారం.

మన గోరంట్లలో వాన తప్పితే వేరుశనగ చేను ఎండుతుంది, కూలి ఆగుతుంది. ఆ ఇంటివారు నోరు తెరచి అడగరు. ఈద్‌గాహ్ వాకిట చేతిలో పెడితే వారు పాలూ సేమియా కొనేదెప్పుడు, పొయ్యి వెలిగించేదెప్పుడు? సహాబాలు పండుగకు ఒకటి రెండు దినాల ముందే ఇచ్చేవారు. మేము కోరేదీ అదే. వారి గిన్నెలోనూ ఖర్జూరం పడిన ఉదయమే మనకు ఈద్. అల్లాహ్ మన ఉపవాసాలను స్వీకరించుగాక! ఆమీన్.