మాడు రుచి.. మౌన హెచ్చరిక
ఈ-సిగరెట్ భాగాల్లో చేదు, ఘాటు, లోహపు రుచి ఎందుకు వస్తాయంటే..

నిప్పు అక్కర్లేదు, బూడిద రాలదు, పక్కనున్నవారికి పొగాకు కంపు తెలియదు. ఈ మాటలు నమ్మి ఈ-సిగరెట్ చేతపట్టినవారికి కొద్ది రోజుల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. మామిడి, పుదీనా రుచి రావాల్సిన చోట మాడిన గుడ్డ వాసన, ఇనుప రుచి, గొంతు మండే కారం తగులుతాయి. 'కాయిల్ మార్చండి, ట్యాంకు కడగండి' అని అమ్మేవారు సలహా ఇస్తారు. అలా చేస్తే సమస్య తీరినట్లే కనిపిస్తుంది. అయితే ఆ రుచిని పరికరంలో లోపంగా మాత్రమే చూడటం పొరపాటు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడనిది వెళ్తోందనడానికి అది తొలి సంకేతం.

మన దేశంలో ఈ-సిగరెట్లపై 2019 నుంచి నిషేధం ఉంది. బ్రిటన్, అమెరికా వంటి దేశాల్లో పెద్దలకు వీటి విక్రయం చట్టబద్ధమే. ఉన్నత చదువులకు, ఉద్యోగాలకు ఆ దేశాలకు వెళ్లే తెలుగు యువతకు అక్కడి దుకాణాల్లో ఇవి సులువుగా దొరుకుతాయి. అందువల్ల ఏ రుచి ఏ భాగం నుంచి పుడుతుందో, దాని వెనుక ఏముందో వాడేవారే కాదు, వారి తల్లిదండ్రులూ తెలుసుకోవడం అవసరం.

లోపల ఏముంటుంది?

నేటి ఈ-సిగరెట్‌కు మూలరూపాన్ని 2003లో చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ తయారుచేశారు. ఆకారాలు ఎన్ని మారినా లోపలి అమరిక దాదాపు అదే. బ్యాటరీ, దాని నుంచి విద్యుత్తు అందుకుని వేడెక్కే లోహపు తీగచుట్ట (కాయిల్), దానికి ఆనుకుని దూది వత్తి, ద్రవం నిల్వ ఉండే ట్యాంకు, కారకుండా పట్టి ఉంచే రబ్బరు వలయాలు, నోట పెట్టుకునే గొట్టం ప్రధాన భాగాలు. ద్రవంలో ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచినిచ్చే రసాయనాలు ఉంటాయి. ఎక్కువ వాటిలో నికోటిన్ కూడా ఉంటుంది.

గొట్టం నుంచి పీల్చినప్పుడు కాయిల్ వేడెక్కి, వత్తి పీల్చుకున్న ద్రవం ఆవిరవుతుంది. అది వెంటనే చల్లబడి సూక్ష్మ బిందువుల మంచుగా మారుతుంది. చాలామంది దీన్ని నీటి ఆవిరి అనుకుంటారు. అది నీటి ఆవిరి కాదు. ద్రవంలో ఉన్నవి, వేడికి కొత్తగా పుట్టినవి, తీగ నుంచి ఊడినవి అన్నీ ఆ బిందువుల్లో ఉంటాయి.

వత్తి ఎండితే మాడు

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మాడు రుచి. దీపంలో నూనె అడుగంటితే వత్తి మాడి పొగ కక్కుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. ట్యాంకులో ద్రవం తగ్గిపోవడం, కొత్త కాయిల్ వత్తి పూర్తిగా నానక ముందే పీల్చడం, విరామం లేకుండా వరుసగా పీల్చడం, తీగ తట్టుకోలేనంత విద్యుత్తు పెట్టడం, ద్రవం మరీ చిక్కగా ఉండి వత్తికి అందకపోవడం ఇందుకు కారణాలు.

వత్తి తడిగా ఉన్నంతసేపు ద్రవం ఆవిరవుతూ వేడిని తనతో తీసుకుపోతుంది. ప్రొపైలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ వద్ద, గ్లిజరిన్ 290 డిగ్రీల వద్ద మరుగుతాయి. తడి ఆరిన మరుక్షణం తీగ ఉష్ణోగ్రత అదుపు తప్పుతుంది. దూది మాడుతుంది, మిగిలిన ద్రవం ముక్కలై కొత్త రసాయనాలుగా మారుతుంది. మూకుడులో నూనె మరీ కాగినప్పుడు కళ్లు మండించి గొంతు పట్టేసే ఘాటు వంటింట్లో అందరికీ అనుభవమే. ఆ ఘాటుకు ప్రధాన కారణం అక్రోలిన్. నూనెలోని గ్లిజరిన్ భాగం విచ్ఛిన్నమైతే అది పుడుతుంది. ఈ-సిగరెట్ ద్రవంలోని గ్లిజరిన్ మితిమీరి కాగినా అదే పుడుతుంది. దాంతోపాటు ఫార్మాల్డిహైడ్ కూడా వెలువడుతుంది. దీన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో వెల్లడించిన ప్రయోగం ఈ సందర్భంలో గమనార్హం. ఒక పరికరాన్ని 3.3 వోల్టుల వద్ద నడిపినప్పుడు ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాలు కనిపించలేదు. 5 వోల్టులకు పెంచగానే కనిపించాయి. అంత వేడి వద్ద వచ్చే మాడు రుచిని ఎవరూ భరించలేరని, కాబట్టి వాస్తవ వాడకంలో అలా జరగదని విమర్శకులు వాదించారు. ఆ వాదన ఒక సంగతిని తేటతెల్లం చేస్తోంది. వాడేవారికీ ఆ విషానికీ మధ్య ఉన్న కాపలా నాలుక ఒక్కటే. 'కొంచెం మాడింది, ఫరవాలేదు' అని పీల్చడం కొనసాగిస్తే ఆ కాపలాను కాదన్నట్లే.

ఒకసారి మాడిన దూదిని కడిగినా, కొత్త ద్రవం పోసినా ఆ రుచి పోదు. ఆ కాయిల్‌ను పారేయడమే మార్గం.

తీపి అడుగంటితే

మిఠాయి, పళ్ల రుచుల ద్రవాల్లో తరచూ సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి కలుపుతారు. వేడికి ఇది విచ్ఛిన్నమై తీగపై నల్లటి పొరగా అంటుకుంటుంది. పాకం అడుగంటిన గిన్నెను గుర్తుతెచ్చుకుంటే సరిపోతుంది. పొర మందమయ్యే కొద్దీ ద్రవం వత్తి నుంచి సరిగా అందదు, తీపిలో చేదు కలుస్తుంది, చివరకు మాడు మొదలవుతుంది. ఎంత తీపి ద్రవమైతే కాయిల్ అంత త్వరగా పాడవుతుంది.

ఇనుప రుచి తగిలితే

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు నిల్వ ఉంచకూడదని పెద్దలు హెచ్చరిస్తారు. పులుపు తగిలి లోహం కరిగి చిలుము దిగుతుంది. ఈ-సిగరెట్‌లోనూ ద్రవం రోజుల తరబడి లోహాన్ని అంటి ఉంటుంది. పైగా మళ్లీ మళ్లీ కాగుతుంది. కాయిళ్లను ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్‌తోనో, నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్‌తోనో, స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేస్తారు. అతుకుల వద్ద టంకం ఉండవచ్చు.

జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో 56 మంది వాడకందార్ల పరికరాలను పరీక్షించారు. సీసాలోని ద్రవంలో లోహాలు స్వల్పంగానే ఉన్నాయి. కాయిల్‌ను తాకి పొగమంచుగా మారిన తర్వాత సీసం పరిమాణం 25 రెట్లకు పైగా పెరిగింది. చాలా పరికరాల్లో సీసం, క్రోమియం, నికెల్, మాంగనీసు ప్రమాదకర స్థాయిలో కనిపించాయి. కాయిల్ తరచుగా మార్చేవారి పరికరాల్లో కొన్ని లోహాలు మరింత ఎక్కువగా ఉండటం విశేషం. అంటే రుచి బాగుపడటానికి దుకాణదారు చెప్పే చిట్కాయే లోహాల మోతాదును పెంచే అవకాశం ఉంది.

ప్లాస్టిక్, కారం, పాత రుచులు

కొత్త పరికరంలో తొలి రోజుల్లో వచ్చే ప్లాస్టిక్, నూనె వాసనకు తయారీలో వాడి మిగిలిన పదార్థాలు కారణం కావచ్చు. గోరువెచ్చని నీటితో కడిగి పూర్తిగా ఆరబెడితే ఇది తగ్గుతుంది. దాల్చినచెక్క, పుదీనా వంటి ఘాటైన రుచులు రబ్బరు వలయాల్లోకి ఇంకి తర్వాత పోసిన ద్రవంలోనూ తగులుతుంటాయి. వలయాలు మార్చితేనే ఆ వాసన వదులుతుంది.

ద్రవం గోధుమరంగుకు తిరిగి మిరియాల ఘాటు వస్తే నికోటిన్ గాలికి, వెలుతురుకు మార్పు చెందిందని అర్థం. అలాంటి ద్రవాన్ని పారబోయాలి. గొట్టంలో గురగుర శబ్దం వచ్చి వేడి ద్రవం నోట్లోకి చిమ్మితే వలయాలు వదులయ్యాయనో, కాయిల్‌లో ద్రవం నిండిపోయిందనో గుర్తించాలి. ఇది రుచికి సంబంధించిన ఇబ్బందితో ఆగదు. నికోటిన్ చర్మం ద్వారానూ ఒంట్లోకి ఇంకుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఆ ద్రవాన్ని మింగితే ప్రాణాపాయం. అలా జరిగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రుచి చెప్పని విషాలు

నాలుకను కాపలాదారు అనుకున్నా, దానికి తెలియని దొంగలు చాలామందే ఉన్నారు. సీసం ప్రమాదకర స్థాయిలో ఉన్నా నోటికి తెలియాలని లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2025లో వాడి పారేసే రకం పరికరాలను పరీక్షించారు. కొన్నింటిలో వేడెక్కని లోహ భాగాల నుంచి కూడా సీసం ద్రవంలోకి దిగుతున్నట్లు తేలింది. అంటే కాయిల్ బాగున్నా, రుచి కమ్మగా ఉన్నా సీసం చేరవచ్చు.

వెన్న రుచినిచ్చే డైఅసిటైల్ మరో ఉదాహరణ. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక పాప్‌కార్న్ కర్మాగారం కార్మికులకు సోకిన తీవ్ర ఊపిరితిత్తుల వ్యాధికి 2000లో మొదలైన విచారణ దీని ఆవిరి వైపే వేలు చూపింది. తింటే హాని లేని రుచి పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీయగలదని ఆ ఉదంతం చాటింది. హార్వర్డ్ పరిశోధకులు 2015లో 51 రుచుల ఈ-సిగరెట్లను పరీక్షించగా 39 రుచుల్లో డైఅసిటైల్ కనిపించింది.

అమెరికాలో 2019లో విజృంభించిన ఊపిరితిత్తుల జబ్బు ఇంకా పెద్ద పాఠం. 2020 ఫిబ్రవరి 18 నాటికి అక్కడ 2,807 మంది ఆసుపత్రుల పాలైనట్లు, 68 మంది మరణించినట్లు నమోదైంది. గంజాయి సారం కలిపి అనధికారికంగా అమ్మిన సరకులో ఉన్న విటమిన్-ఈ అసిటేట్‌కు ఈ జబ్బుతో బలమైన సంబంధం ఉన్నట్లు అధికారులు తేల్చారు. చర్మానికి రాసుకునే లేపనాల్లో హాని చేయని ఆ పదార్థం ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణాలు తీసింది.

మరోవైపు ఎడతెగక పీల్చేవారికి కొన్నాళ్లకు రుచే తెలియకుండా పోతుంది. ఒకే వాసనకు ముక్కు అలవాటు పడటం, నోరు ఆరిపోవడం ఇందుకు కారణాలు. అప్పుడు చాలామంది మరింత ఘాటైన ద్రవానికో, ఎక్కువ వేడికో మళ్లుతారు. ఉన్న ఒక్క కాపలానూ నిద్రపుచ్చడమంటే ఇదే.

ఏం చేయాలి?

- మాడు, లోహపు రుచి తగిలిన వెంటనే పీల్చడం ఆపాలి. ఇంకో రెండు సార్లు చూద్దామనుకోవడం తగదు.
- పారేసే రకం పరికరాలను విప్పకూడదు. లోపలి లిథియం బ్యాటరీ దెబ్బతింటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.
- ఇంట్లో తీగ చుట్టుకుని సొంతంగా కాయిల్ చేసుకోవడం మరింత ప్రమాదం. లెక్క తప్పితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.
- పేరు, తయారీ వివరాలు లేని ద్రవాలను ముట్టకూడదు.
- దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం ఉంటే వైద్యుడిని సంప్రదించాలి. ఈ-సిగరెట్ వాడుతున్న సంగతి దాచకూడదు.

సిగరెట్ కన్నా ఇది తక్కువ హానికరమని బ్రిటన్ ఆరోగ్య విభాగం చెబుతున్న మాట నిజమే. అయితే పూర్తిగా సురక్షితం కాదని, పొగతాగని వారు దీని జోలికి వెళ్లవద్దని కూడా అదే విభాగం స్పష్టం చేస్తోంది. వాడి పారేసే రకాల అమ్మకాన్ని ఆ దేశం 2025 జూన్ 1 నుంచి నిషేధించింది.

చట్టం ఏమంటోంది?

కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, ఆ తర్వాత అదే ఏడాది డిసెంబరులో చట్టం ద్వారా ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలను నిషేధించింది. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం దృష్టిలో దిగుమతి అంటే దేశంలోకి తీసుకురావడమే. కాబట్టి విదేశాల నుంచి సెలవులకు వచ్చేవారు సామానులో వీటిని తేవడం చిక్కుల్లో పడటమే.

ఇక్కడ చాటుగా దొరికేది దొంగ సరకే. అందులో ఏ తీగ ఉందో, ఏ ద్రవం పోశారో చూసే నియంత్రణ సంస్థ ఏదీ ఉండదు. రుచి చెడితే అడిగే దిక్కు కూడా ఉండదు.

అలవాటు మానాలనుకునేవారు జాతీయ పొగాకు విరమణ సహాయవాణి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. నికోటిన్ మానిన తొలి వారాల్లో చిరాకు, నిద్రలేమి సహజం. వైద్యుల పర్యవేక్షణలో నికోటిన్ గమ్, ప్యాచ్ వంటివి వాడితే ఆ దశ దాటడం తేలికవుతుంది. పరికరంలో భాగం చెడితే మార్చుకోవచ్చు, ఊపిరితిత్తులకు మాత్రం ఆ వీలు లేదు.