అమ్మాయి నేరశాస్త్రం చదువుతానంటే...

"మా అమ్మాయికి డిగ్రీ అయిపోయింది. బ్యాంకు పరీక్షలు రాయవే అంటే వినదు. క్రిమినాలజీ చదువుతుందట! దొంగల గురించీ, హంతకుల గురించీ చదివిన పిల్లని రేపు ఎవరు చేసుకుంటారండీ?"

కరివేపాకు కోసమని వచ్చిన ఎదురింటావిడ అరగంట కూర్చుని మరీ వాపోయింది. ఆవిడ దిగులు చూస్తే జాలేసింది. కానీ ఆ చదువంటే ఏమిటో తెలియకుండానే వద్దంటున్నామేమో అని కూడా అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

పోపుల డబ్బాలో చిల్లర పోతే...

పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బు తగ్గిందనుకోండి. మనం ఏం చేస్తాం? ముందు ఎవరు తీశారా అని చూస్తాం. పిల్లాడే అని తేలాక, ఎందుకు తీశాడా అని ఆలోచిస్తాం. రెండు దెబ్బలు వెయ్యాలా, దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాలా అని సతమతమవుతాం. చివరికి డబ్బా పై అరలోకి మారుస్తాం.

ఎవరు, ఎందుకు, ఏం చెయ్యాలి, మళ్ళీ జరక్కుండా ఎలా? ఈ ప్రశ్నల్నే ఇంటికి కాకుండా సమాజానికి వేసుకుంటే అది నేరశాస్త్రం. రక్తపు మరక ఎవరిదో తేల్చేది ఫోరెన్సిక్ సైన్సు. ఏ సెక్షను వర్తిస్తుందో చెప్పేది లా. ఆ పని మనిషి ఎందుకు చేశాడు, వేసిన శిక్ష వల్ల ఒరిగిందేమిటి, దెబ్బ తిన్నవాళ్ళ గతేమిటి అని అడిగేది క్రిమినాలజీ. పోలీసులు, కోర్టులు, జైళ్ళు ఎలా పనిచేస్తాయో చెప్పేదాన్ని క్రిమినల్ జస్టిస్ అంటారు. యూనివర్సిటీల్లో ఈ రెండూ తరచు కలిపే చెబుతారు.

పుట్టుకతో దొంగలుంటారా?

ఈ శాస్త్రం కూడా మొదట్లో తప్పటడుగులు వేసింది. 1764లో ఇటలీకి చెందిన బెకారియా, శిక్ష నేరానికి తగ్గట్టు ఉండాలి గాని క్రూరంగా ఉండకూడదని రాశాడు. మంచి మాటే. కానీ 1876లో అదే దేశపు డాక్టరు లోంబ్రోసో, నేరస్థులు పుట్టుకతోనే వేరని, పుర్రె, దవడల ఆకారం చూసి పోల్చవచ్చని పుస్తకం రాశాడు. అది తప్పని తర్వాతివాళ్ళు తేల్చారు.

అలాంటి ఆలోచన మన గడ్డమీదా ఎంత కీడు చేసిందో తెలుసా? బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే దొంగలట! బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచింది ఆ రోజుల్లోనే. 1952లో ఆ చట్టం రద్దయినా పడిన ముద్ర అంత త్వరగా పోలేదు. మహాకవి జాషువా గారి కుమార్తె హేమలతా లవణం ఆ ఊరికి వెళ్ళి, అక్కడి కుటుంబాలతో కలిసిపోయి, దొంగతనాలు మాన్పించి, వాళ్ళు మామూలు బతుకులు బతికేలా ఎంతో పాటుపడ్డారు. ఒక ఆడమనిషి చేసిన పని అది!

నలుగురు పంతుళ్ళు రాసిన ఉత్తరం

"చదివి ఏం సాధిస్తారండీ?" అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. 1972లో మహారాష్ట్రలో ఒక గిరిజన బాలికపై పోలీస్ స్టేషన్లోనే అత్యాచారం జరిగింది. పిల్ల ఒంటిమీద గాయాలు లేవనీ, గట్టిగా ఎదిరించినట్టు లేదనీ 1978లో సుప్రీంకోర్టు నిందితులిద్దర్నీ వదిలేసింది. మరుసటి ఏడు లా ప్రొఫెసర్లు నలుగురు ఆ తీర్పును తప్పుబడుతూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ నలుగురిలో ఇద్దరు ఆడవాళ్ళే: లోతికా సర్కార్, వసుధా ధాగంవార్. ఊరూరా మహిళా సంఘాలు కదిలాయి. 1983లో చట్టం మారింది. పోలీసుల వంటివారి అదుపులో అత్యాచారం జరిగిన కేసుల్లో, ఆమె తాను ఒప్పుకోలేదని కోర్టులో చెబితే ఆ మాటే నిజమని కోర్టు భావించాలన్నారు. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమన్నారు.

ఇంకొకటి. 1984లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్ళు ముంబై పోలీసులతో కలిసి మహిళలకూ పిల్లలకూ ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. కష్టం చెప్పుకోవడానికి వెళ్ళిన ఇల్లాలికి లాఠీ పట్టుకున్న మనిషి కాకుండా, ఓపిగ్గా వినే సోషల్ వర్కర్ ఎదురవుతుంది. చదువు అక్కరకొచ్చిందంటే ఇదే కదా!

ఎక్కడ చదవాలి?

మధ్యప్రదేశ్ లోని సాగర్ యూనివర్సిటీలో 1959 నుంచీ ఈ శాఖ ఉంది. మన పక్కనే మద్రాసు యూనివర్సిటీలో, తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ యూనివర్సిటీలో కూడా ఉంది. ఢిల్లీలో 1972లో మొదలైన జాతీయ సంస్థ 2020 నుంచి జాతీయ ఫోరెన్సిక్ సైన్సుల విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఎం.ఏ. అయితే సాధారణంగా రెండేళ్ళు. నేర సిద్ధాంతాలు, మనస్తత్వ శాస్త్రం, బాలనేరస్థుల సంస్కరణ, జైళ్ళ నిర్వహణ, సైబర్ నేరాలు, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత వంటివి చదవాల్సి ఉంటుంది. పుస్తకాలతోనే సరిపోదు, జైళ్ళూ బాలల హోములూ చూసి రావాలి.

ఉన్నమాట చెప్పుకుందాం

ఈ డిగ్రీ చేతికి రాగానే ఎవరూ ఎస్సై టోపీ పెట్టరు. ఆ ఉద్యోగాలకి పరీక్షలు వేరే ఉంటాయి. సివిల్స్ లో ఇది ఆప్షనల్ సబ్జెక్టు కాదు. ప్రొబేషన్ ఆఫీసర్, బాలల హోముల్లో కౌన్సిలర్ వంటి పోస్టులకు కొన్నిచోట్ల సోషల్ వర్క్ డిగ్రీ అడుగుతారు. కాబట్టి చేరేముందే పాత నోటిఫికేషన్లు తెప్పించుకుని చూడండి. ఇక పాఠాలు చెప్పాలనుకునేవాళ్ళకి యూజీసీ నెట్ పరీక్షలో క్రిమినాలజీ ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. స్వచ్ఛంద సంస్థల్లో పనికి కొదవ లేదు గాని, జీతం మాత్రం ముందే కనుక్కోండి.

పిల్ల మనసు గట్టిదా కాదా అన్నది కూడా చూసుకోవాలి. రోజూ కన్నీళ్ళ కథలే వినాలి. విన్నవన్నీ ఇంటికి మోసుకొస్తే నిద్ర పట్టదు.

ఇదంతా చెప్పాక ఎదురింటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "మా చెల్లెలు అత్తింటి బాధలు పడలేక ఒకసారి స్టేషన్ మెట్లెక్కిందండీ. ఇంటి గొడవ ఇంట్లో చూసుకోమ్మా అని పంపేశారు. అప్పుడు మా పిల్ల చిన్నది. పిన్ని చెయ్యి పట్టుకుని వెళ్ళింది. ఇంటికొచ్చి, పిన్ని చెప్పేది వాళ్ళు ఎందుకు వినలేదమ్మా అని అడిగింది. నాకేం చెప్పాలో తెలియక ఊరుకున్నాను."

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటానని పిల్ల ఇన్నేళ్ళకి అడుగుతోంది, అంతే. పెళ్ళంటారా? ఎదుటివాళ్ళ కష్టం ఓపిగ్గా వినడం నేర్చుకున్న అమ్మాయి ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటికే మేలు కదూ!

కరివేపాకు తీసుకుని లేస్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "తిరునెల్వేలిలో ఆడపిల్లలకి హాస్టల్ ఉంటుందంటారా?"