వానాకాలంలోనూ పిలవదగిన బాట విశాఖ–భీమిలి

విశాఖపట్నం: విదేశీ పర్యాటకుల రాక అక్టోబరులో మొదలై మార్చితో ముగుస్తుందన్నది పర్యాటక రంగంలో స్థిరపడిన లెక్క. దీంతో జూన్ నుంచి సెప్టెంబరు వరకు విశాఖ–భీమిలి తీరమార్గంపై ‘సీజన్ కాదు’ అన్న ముద్ర పడింది. ఈ లెక్క మన తీరానికి ఎంతవరకు వర్తిస్తుందో ఆలోచించవలసి ఉంది. ఇక్కడ వానలు, తుపానుల భయం ఎక్కువగా ఉండేది అక్టోబరులోనే. 2014లో హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకింది ఆ నెల 12వ తేదీనే. జూలై, ఆగస్టుల్లో నైరుతి వానలు పశ్చిమ తీరాన్ని ముంచెత్తినంతగా ఇక్కడ కురవవు. కొండలు పచ్చబడతాయి, ఎండ తీవ్రత తగ్గుతుంది.

పైగా ఐరోపాలో పిల్లలకు బడి సెలవులు వచ్చేది ఆ రోజుల్లోనే. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లలతో స్వదేశానికి వచ్చేదీ అప్పుడే. ఊరు, బంధువుల ఇళ్లు, తిరుమల దర్శనంతో సరిపెట్టుకుని వెళ్లే వీరిని రెండు రోజులు ఈ తీరానికి రప్పించడం అసాధ్యమేమీ కాదు.

వాననీటి కొండ

ఈ మార్గంలో మంగమారిపేట వద్ద ఉన్న తొట్లకొండను వానాకాలంలో చూడడమే సమంజసం. వాననీటిని నిల్వ చేసుకునేందుకు బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. ఆషాఢ పౌర్ణమి తరువాత మూడు నెలలు సంచారం మాని ఒకేచోట నివసించే వర్షావాసం బౌద్ధుల ప్రాచీన నియమం. థాయిలాండ్, శ్రీలంక బౌద్ధులకు దీని విశిష్టతను వివరించనవసరం లేదు. 1988–93 మధ్య జరిగిన తవ్వకాల్లో ఇక్కడ రోమన్ వెండి నాణేలు సైతం లభించాయి. ఇన్ని విశేషాలున్న కొండను ‘సముద్రం బాగా కనిపించే చోటు’ అని మాత్రమే చెప్పుకోవడం మన అలసత్వమే.

అన్నిటినీ అమ్మరాదు

వర్షాన్ని దాచకుండానే పర్యాటకులను పిలవవచ్చునని ఐర్లాండ్ చూపింది. అక్కడి పడమటి తీరం వెంట 2014లో ప్రారంభమైన ‘వైల్డ్ అట్లాంటిక్ వే’ సుమారు 2,500 కిలోమీటర్ల మార్గం. గాలివానలు, ఎగసిపడే కెరటాలే దాని ఆకర్షణ. కేరళ సైతం వానాకాలాన్ని ఆయుర్వేద చికిత్సలతో ముడిపెట్టి గల్ఫ్ దేశాల వారిని రప్పించుకుంటోంది.

అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది సముద్ర స్నానం. రుషికొండ తీరానికి 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చినా, వానాకాలపు అలలు ప్రమాదకరం. ఈ నెలల ప్రచారంలో ఈతకు చోటివ్వకూడదు. రెండవది, మరింత ముఖ్యమైనది, ఎర్రమట్టి దిబ్బల సంగతి. 2025లో యునెస్కో వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేరిన ఈ దిబ్బలకు ఆ రూపమిచ్చింది వాననీటి కోతే. తడిసిన దిబ్బలపై జనం ఎక్కి తిరిగితే ఆ కోత మరింత పెరుగుతుంది. నడకదారి, కాపలా ఏర్పాటయ్యే వరకు వానరోజుల్లో దూరం నుంచి చూపడమే మేలు. రాబడి కోసం దిబ్బలనే పోగొట్టుకుంటే విదేశీయులకు చూపేందుకు మిగిలేదేమిటి?

భీమిలిలో ఆ ఇబ్బంది లేదు. 17వ శతాబ్దం నాటి డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు తీరికగా చూడవచ్చు. ఏప్రిల్ 15న మొదలయ్యే చేపలవేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది గనుక పడవల సందడి కూడా అప్పుడే తిరిగి మొదలవుతుంది.

కావలసినవి పెద్ద కట్టడాలు కావు. వాన పడితే నిలబడేందుకు నీడ, శుభ్రమైన మరుగుదొడ్లు, తొట్లకొండ చరిత్రను థాయి, సింహళ భాషల్లో చెప్పగల గైడ్లు ఉంటే చాలు. జూలై ప్రయాణానికి విదేశాల్లోని కుటుంబాలు నెలల ముందే టిక్కెట్లు కొనుక్కుంటాయి. కాబట్టి ఈ సమాచారం సంక్రాంతి నాటికే వారికి చేరాలి.