ముసలి కుక్కకు మెడనొప్పి, కీళ్లనొప్పి: గృహవైద్యం ఎంతవరకు?

ఉప్పుగూడ వంటి పాతబస్తీ పేటలలో మధ్యతరగతి ఇంటి నిర్మాణాన్ని ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ఇరుకైన గల్లీ, గడప దాటగానే నున్నని షాబాదు బండలు పరచిన నేల, మేడమీదికి నిటారుగా సాగిన మెట్లు. ఆ ఇంటిలో పదేండ్లుగా పెరుగుతున్న తెల్లని స్పిట్జ్ కుక్క ఒకటి. ఒకప్పుడు స్టేషనులో రైలు కూత వినబడితే చాలు, మేడమీదికి పరుగెత్తి మొరిగేది. ఇప్పుడు మొదటి మెట్టు వద్దనే ఆగి ఇంటివారి ముఖం వంక చూస్తుంది. గిన్నెలోని అన్నం కోసం తల వంచదు. ఎత్తుకోబోతే కీచుమని అరుస్తుంది. "ముసలిదైంది, అంతే" అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. ముసలిదైన మాట నిజమే గాని, అది మెట్టు వద్ద ఆగిపోతున్నది నొప్పి వలన. ఆ నొప్పిని చాలావరకు అదుపులో ఉంచవచ్చు.

కుక్క సాధారణంగా నొప్పిని దాచుకుంటుంది. కుంటడం, అరవడం వ్యాధి ముదిరిన తరువాత కనబడే లక్షణాలు. అంతకు ముందే నిద్ర లేచిన వెంటనే కాళ్లు బిగుసుకొని నడవడం, పది అడుగులు వేసిన తరువాత సర్దుకోవడం, ముంజేతి కీలును అదే పనిగా నాకడం, పిల్లలు ముట్టుకుంటే విసుక్కోవడం వంటివి మొదలవుతాయి. మెడనొప్పి గల కుక్క తలను క్రిందికి వ్రేలాడవేసి, మెడ తిప్పకుండా కన్నులు మాత్రమే త్రిప్పి చూస్తుంది. పిలిస్తే ఒళ్లంతా కలిపి తిరుగుతుంది.

మన ప్రాచీనులు ఏనుగులకు హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రం రచించారు. పాపం, శునకానికి అంతటి గౌరవం దక్కలేదు. అయినా మనుష్యులలో సంధిగతవాతం, మన్యాస్తంభం అని చెప్పిన లక్షణాలు కుక్కలలో యథాతథంగా కనబడుతాయి. గ్రీష్మంలో సంచితమైన వాతం వర్షఋతువులో ప్రకోపిస్తుందని శాస్త్రం. ఉప్పుగూడ మహంకాళి అమ్మవారి బోనాలు జరిగే ఆషాఢమాసంలోనే, తడిసిన చల్లని బండలపై పడుకున్న ముసలి కుక్కలు ఎక్కువగా మూలుగుతాయి.

శరీరనిర్మాణం దృష్ట్యా కుక్క మెడలో కూడా మనకు వలె ఏడు వెన్నుపూసలే ఉన్నాయి. వాటి నడుమ మెత్తలవలె ఉండే డిస్కులు వయసుతో ఎండి గట్టిపడుతాయి. ఒక్కొక్కప్పుడు ప్రక్కకు జరిగి వెన్నుపామును నొక్కుతాయి. డాష్‌హండ్, బీగిల్ జాతులకు ఇది ఎక్కువ. డాబర్‌మన్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతులలో మెడపూసల అమరికలోనే దోషం ఏర్పడి నడక తూలుతుంది. కీళ్ల విషయానికి వస్తే, ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి అరిగిపోవడం ప్రధాన కారణం. మన ప్రాంతంలో మరొక కారణాన్ని మరువరాదు. పిడుదుల కాటు వలన వచ్చే జ్వరంలో కూడా కీళ్లు వాచి నొప్పిపెడతాయి. ఈ రోజు ఒక కాలు, మరునాడు మరొక కాలు కుంటుతూ, జ్వరంతో ఆహారం మానిన కుక్కకు మొదట రక్తపరీక్ష చేయించవలెను. దానిని వాతమని భావించి నూనె మర్దన చేస్తూ కూర్చుంటే విలువైన కాలం వృథా అవుతుంది.

మన మందులపెట్టెతో జాగ్రత్త

గృహవైద్యాన్ని ప్రోత్సహించే పత్రికలో ఈ మాట వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. ముసలి కుక్కకు అపాయం తరచుగా వాత్సల్యం రూపంలోనే వస్తుంది. తాతగారి మోకాళ్ల నొప్పికి తెచ్చిన మాత్రలో సగం విరిచి రొట్టెలో పెట్టి తినిపిస్తారు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క జీర్ణాశయంలో పుండ్లు కలిగించి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నల్లని జిగట విరేచనం, వాంతి కనబడేసరికి లోపల రక్తస్రావం మొదలై ఉంటుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం చెడుతుంది. పిల్లులకైతే చిన్న మోతాదే ప్రాణాంతకం.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు. దానికి కారణం వేరు. ఆ మందు వాడిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల సంఖ్యలో నశించాయి. అదే కారణంగా 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా పశువైద్యం నుండి తొలగించారు. అయితే మనుష్యుల కోసం ఇవి మందుల దుకాణాలలో లభిస్తూనే ఉన్నాయి గనుక, ఇంటిలోని అపాయం తొలగలేదు.

ఆయుర్వేద ఔషధాలైనంత మాత్రాన అన్నీ నిరపాయకరం కావు. వాతహరమని మనం సేవించే వెల్లుల్లి పాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగులగొడతాయి. ఉల్లి కూడా అంతే. దశమూలారిష్టంలో ద్రాక్ష ఉంటుంది, సంధానక్రియ వలన జనించిన మద్యాంశమూ ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలకు విషతుల్యాలు. మహాయోగరాజ గుగ్గులులో లోహభస్మాలు ఉన్నాయి. అది ఇంటి ప్రయోగాలకు తగదు. ఆముదంతో విరేచనం చేయిస్తే ముసలి కుక్క నీరసించి, ఒంటిలో నీరు తగ్గి పడిపోతుంది. పచ్చి నల్లేరు నోరు, గొంతు దురదపెడుతుంది. కర్పూరం కలిపిన తైలాలు, తలనొప్పి బామ్‌లు పైపూతకే గదా అనుకోరాదు. పూసిన ప్రతిదానిని కుక్క నాకుతుంది.

గిన్నె నుండి మొదలయ్యే చికిత్స

ఇంటిలో చేయదగిన వాటిలో మొదటిది, ఫలితం నిశ్చయంగా కనబడేది బరువు తగ్గించడం. ఆయుర్వేదం లంఘనమని చెప్పినదానికి ఆధునిక నిదర్శనం కూడా లభించింది. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను ఒకే ఈతలో పుట్టిన జంటలుగా విభజించి, ప్రతి జంటలో ఒకదానికి రెండవదానికన్నా 25 శాతం తక్కువ ఆహారం జీవితాంతం పెట్టారు. 2002లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 సంవత్సరాలు, ఎక్కువ తిన్నవాటిది 11.2 సంవత్సరాలు. కీళ్లవ్యాధికి దీర్ఘకాల చికిత్స అవసరపడిన వయస్సు కూడా సుమారు మూడేండ్లు వెనుకకు జరిగింది. ఏ తైలమూ, ఏ మాత్రా ఇంతటి మేలు చేసినట్లు నాకు తెలియదు.

మన ఇండ్లలో లెక్క చూడండి. 7 కిలోలు ఉండవలసిన ముసలి స్పిట్జ్‌కు రోజుకు సుమారు 400 కేలరీల ఆహారం చాలు. ఒక మారీ బిస్కట్టులో 25 కేలరీల వరకు ఉంటాయి. ఉదయం చాయ్‌తో రెండు, సాయంత్రం రెండు పెడితే నాలుగవ వంతు ఆహారం అక్కడే ముగిసింది. తరువాత పెరుగన్నం మామూలే. ప్రక్కటెముకలు కన్నుకు కనబడకపోయినా చేతికి తగలవలెను. పైనుండి చూస్తే నడుము సన్నగా అగపడవలెను. ఈ రెండూ లేకపోతే కుక్క లావుగా ఉన్నట్లే. వారానికి శరీరభారంలో ఒకటి, రెండు శాతం మించకుండా మెల్లగా తగ్గించవలెను. బిస్కట్టుకు బదులు ఉడికించిన బీన్స్, పచ్చి కీరదోస ముక్కలు పెట్టండి. మొదటి వారం అలుగుతుంది. ఇంటిలోని పెద్దవారు చాటుగా పెట్టే ముక్కను కూడా లెక్కలోనికి తీసుకోవలసి ఉంటుంది, కష్టమంతా అక్కడే!

ఇక ఇంటి అమరిక. బండలపై జారకుండా, కుక్క తిరిగే దారి పొడుగునా గోనెపట్టలు గాని పాత జంపఖానా గాని పరచవలెను. గోళ్లు పెరిగితే పంజా నేలపై నిలువదు, కత్తిరించవలెను. అన్నం గిన్నెను దాని ఛాతీ ఎత్తు వరకు పీటపై ఉంచితే మెడ వంచే బాధ తప్పుతుంది. మెడపట్టీకి గొలుసు వేసి లాగడం పూర్తిగా మానవలెను. ఛాతీకి తొడిగే హార్నెస్ పట్టీ వాడండి. మెడనొప్పిలో సగం ఉపశమనం దీనివలననే కలుగవచ్చు. మెట్ల వద్ద అడ్డుపలక పెట్టవలెను. ఎత్తుకోవలసి వస్తే ఒక చేయి ఛాతీ క్రింద, మరొక చేయి పిరుదుల క్రింద ఉంచి వెన్ను వంగకుండా ఎత్తండి. ఆదివారం గంటసేపు నడిపించి ఆరు రోజులు కట్టివేయడంకన్నా, రోజూ మూడుసార్లు పది నిమిషాల నడక శ్రేయస్కరం.

కాపడం మంచి ఉపశమనం. దళసరి నూలుగుడ్డలో గల్లుప్పు మూటకట్టి పెనంపై వేడిచేసి, మొదట మీ మోచేతి లోపలివైపు ఒక నిమిషం ఆనించి చూడండి. మీకు హాయిగా ఉంటేనే దానికి వాడవలెను. నొప్పిగల కీలుపై పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. కీలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నప్పుడు, స్పర్శ తెలియనప్పుడు కాపడం పెట్టరాదు. ఆ తరువాత అరచేతితో భుజాలు, తొడలు మృదువుగా నిమరవచ్చు. నూనె తప్పదనుకుంటే నాలుగు చుక్కల నువ్వులనూనె మాత్రం. క్షౌరశాలలో మెడ విరిచినట్లు కుక్క మెడను ఎన్నడూ త్రిప్పరాదు. డిస్కు జరిగి ఉంటే కాళ్లు చచ్చుపడే ప్రమాదం ఉంది.

మూలికలలో శల్లకి, అనగా అందుగు చెట్టు బంక, గురించి కొంత ఆధారం ఉంది. 2004లో స్విట్జర్లాండు పత్రికలో వెలువడిన పరిశీలనలో 29 కుక్కలకు ప్రతి 10 కిలోల బరువుకు రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున దాని సారం ఆరు వారాలు ఇచ్చారు. లెక్కలోనికి తీసుకున్న 24 కుక్కలలో 71 శాతం వాటికి గుణం కనబడింది, కొన్నింటికి విరేచనాలైనాయి. మందు ఇవ్వని కుక్కలతో పోల్చి చూడలేదు గనుక దీనిని పరిమితంగానే విశ్వసించవలెను. పసుపు ఆహారంలో చిటికెడు వేస్తే హాని లేదు, అద్భుతాలు ఆశించవద్దు. పశువైద్యుడు నొప్పిమాత్ర ఇస్తూ ఉంటే ఈ మూలికల సంగతి ఆయనకు తప్పక చెప్పండి. మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ వంటి మాత్రలు రక్తపరీక్షతో కాలేయం, మూత్రపిండాలు సరిచూసి ఇస్తే నెలల తరబడి వాడవచ్చు. వాటితో పాటు స్టెరాయిడు మాత్రం కలుపరాదు. ఎక్కడైనా ఇంజక్షన్ వేయించి ఉంటే ఆ చీటీ దాచి చూపించవలెను.

పాదం మడతపడి మీగాలు నేలకు రాసుకుంటున్నా, నాలుగు కాళ్లూ తూలుతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా ఇంటిలో ఒక్క రాత్రి కూడా ఆగరాదు. కుక్కను వెడల్పైన పలకపై పడుకోబెట్టి, దుప్పటితో కదలకుండా కట్టి, ఆటోలో వెనుక సీటుపై ఉంచి తీసుకొనిపోవలెను. ఉప్పుగూడ వారికి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది; నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నది. బయలుదేరే ముందు ఫోను చేసి వేళలు కనుక్కోండి. అంతవరకు వాడిన మాత్రల అట్టలు, తైలం సీసాలు అన్నీ సంచిలో వేసుకొని వెళ్లండి. సగం విరిచి పెట్టిన ఆ తాతగారి మాత్ర అట్టను కూడా దాచకుండా చూపండి.