ఎదిగే పిల్లలకు సముద్రయానం

గోదావరి సీమలో పుట్టిన పిల్లవానికి నీరు కొత్త కాదు. కాలువగట్టున నడక నేర్చినవాడు, రేవులో ఈత నేర్చినవాడు, పంటు మీద పాయ దాటి బడికి పోయినవాడు అతడు. అయినా సముద్రమన్నది అతనికి అంతర్వేది తీర్థంనాడో, కాకినాడలో ఒక సెలవునాడో ఒడ్డున నిలిచి చూచే వింతగానే మిగిలిపోతున్నది. నది ఎక్కడ పుట్టినదో పాఠంలో చెప్పుతాము. అది పోయి కలిసిన నీరు ఏ దేశాల గుమ్మాలను తాకుతున్నదో మాత్రం చెప్పము. ఈ లోటు తీర్చడానికి పుస్తకంకన్న ఓడ మేలనీ, అందులోను పన్నెండేళ్లు దాటి పద్దెనిమిది నిండని వయస్సులోనే ఆ ఓడ ఎక్కించడం మేలనీ ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సముద్రయానం కలవారి వేడుక గదా అని కొందరనవచ్చు. మన సీమ చరిత్ర అట్లు చెప్పదు. సముద్రం దాటినవానికి ప్రాయశ్చిత్తం విధించిన సమాజమే మనది. కాని ఆకలికి శాస్త్రం అడ్డురాదు. గౌతమి సముద్రంలో కలిసేచోట కోరంగి ఒకనాడు పెద్ద రేవు. ఓడలు అక్కడ కట్టేవారు, అక్కడినుండి నడిపేవారు. మారిషస్ ద్వీపానికి చెరకుతోటల కూలికి పోయిన తెలుగువారిలో కొందరు ఆ రేవున ఓడ ఎక్కినవారే. బర్మా దేశస్థులు తెలుగువారందరినీ 'కోరంగీలు' అని పిలవడానికి కారణం ఆ ఊరే. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో మరొక ఉప్పెన వచ్చి కోరంగిని చితికించినవి. రేవు వ్యాపారం కాకినాడకు తరలినది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినది. ఆ సంవత్సరమే ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించుకొన్నారు. ఇక్కడ గోదావరి నీరు మాగాణిని పెంచుతూ ఉండగా, అక్కడ ఐరావతి డెల్టాలో వరిసాగు విస్తరించి, రంగూన్‌లోని బియ్యపు మిల్లులకు, రేవుకు కూలీలు కావలసివచ్చినారు. మేస్త్రీలు బయానా ఇచ్చి ఊళ్లనుండి మనుషులను పోగుచేసేవారు. మన పల్లెలలో రంగూన్‌ను 'రంగం' అనేవారు. 'రంగం పోయినాడు' అంటే ఆ ఇంటి బరువు మోసే భుజం సముద్రానికి ఆవల ఉన్నదని అర్థం.

ఆ ప్రయాణాలు ఎట్లుండేవో నేటి పిల్లలకు చెప్పవలసి ఉన్నది. గోదావరి తెచ్చిన మేటవల్ల కాకినాడ ఖాతంలో ఒడ్డున లోతు తక్కువ. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరాన లంగరు వేసేవి. పడవలలో పోయి వాటిని ఎక్కవలెను. ఓడలు ఒడ్డునే నిలువగల లోతైన రేవు కాకినాడకు 1997లో గాని ఏర్పడలేదు. బ్రిటిష్ ఇండియా స్టీమరు కంపెనీ ఓడలలో గదులు దొరలకు, వర్తకులకు. కూలివారికి పైకప్పు ఆకాశమే. మూటలు తలకింద పెట్టుకొని, డెక్కు మీద ఒకరినొకరు ఒరుసుకొని పడుకొనేవారు. వారిలో మీసాలు మొలవని కుర్రవాళ్లు కూడా ఉండేవారు. నేడు మన తరగతిలో వెనుక బల్లమీద కూర్చునే వయస్సు అది! 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నర దాటినారు. వారిలో స్త్రీలు బహు తక్కువ. అంటే ఇక్కడ ఎన్ని ఇళ్లలో తండ్రి లేక పిల్లలు పెరిగినారో ఊహించుకోవచ్చు.

ఆ కథకు ముగింపు కూడా ఓడలమీదనే జరిగినది. 1930 మే నెలలో రంగూన్ రేవు పనిమీద వచ్చిన తగవు ముదిరి తెలుగు కూలీలపై ఘోరమైన దాడులు జరిగినవి. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు ఆ నగరంపై బాంబులు వేసినవి. ఓడ దొరికినవారు ఓడలో వచ్చినారు. దొరకనివారు కొండలు, అడవులు దాటి కాలినడకన బయలుదేరి దారిలో వేలకొలది రాలిపోయినారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేయగా, 1964 మొదలు మరికొన్ని కుటుంబాలు తిరిగివచ్చినవి. విశాఖపట్టణంలోని బర్మా క్యాంపు ఆనాటి గుర్తే. అక్కడ పుట్టి, బర్మా భాష మాట్లాడి, ఎన్నడూ చూడని 'స్వదేశానికి' ఓడమీద వచ్చిన పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల మనస్సు ఎట్లుండి ఉంటుంది? చరిత్ర పాఠంలో ఈ ప్రశ్నకు చోటుండవలెను.

చదువుకోసం ఓడ ఎక్కిన పిల్లల కథ మరొక తీరుది. 1888లో మోహనదాసు గాంధీ ఇంగ్లండుకు ప్రయాణమైనప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు. కులపెద్దలు వెలి వేసినారు. అంతకన్న ఎక్కువగా ఓడలో ఆయనను బాధించినది సిగ్గు. ఫోర్కు, కత్తి పట్టడం తెలియదు. ఏ వంటకంలో మాంసం లేదో అడగడానికి నోరు రాదు. అందుచేత ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలు, పండ్లు గదిలోనే ఒంటరిగా తిని కాలం గడిపినట్లు ఆత్మకథలో చెప్పుకొన్నారు. 1911లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముడు నిత్యానందను అనీబిసెంటు బొంబాయినుండి ఇంగ్లండుకు ఓడలో తీసుకొనిపోయినది. అన్నకు పదహారేళ్లు నిండవచ్చినవి, తమ్ముడు ఇంకా చిన్నవాడు. మరుసటి సంవత్సరమే తండ్రి నారాయణయ్య తన బిడ్డలను తనకు అప్పగించవలసినదని మద్రాసులో దావా వేసినాడు. ఆ వ్యాజ్యం ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది, తండ్రికి బిడ్డలు దక్కలేదు. ఈ రెండు ఉదంతాలూ పెద్దలకు ఒక మాట చెప్పుతున్నవి. ఆ వయస్సు పిల్లలకు బిడియం సముద్రంకన్న లోతు. ఆ వయస్సులో కలిగిన దూరం తరువాత ఎన్నటికీ పూడకపోవచ్చు. కనుక వారిని పంపడం వేరు, వారితోకూడ పోవడం వేరు.

ఇక పాఠకులకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటున్నది. మనవారిని మూటలవలె డెక్కుమీద మోసిన ఆ బ్రిటిష్ ఇండియా కంపెనీయే 1961 మొదలు తన పాత సైనిక నౌకలను తేలియాడే పాఠశాలలుగా మార్చినది. 'డునేరా', 'డెవోనియా', తరువాత 'నెవాసా', 1968 నుండి 'ఉగాండా' అనే ఓడలలో ఇంగ్లండు, స్కాట్లండు బడిపిల్లలు ఉపాధ్యాయులతో కలిసి బయలుదేరేవారు. ఒక్క ఉగాండాలోనే సుమారు తొమ్మిదివందలమంది విద్యార్థులకు పడక వసతి ఉండేది. తరగతి గదులు, ఉపన్యాస మందిరం ఉండేవి. ముందునాడు పాఠంగా విన్న ఊరు మరునాడు రేవుగా ఎదురయ్యేది. 1982లో ఫాక్‌లండు యుద్ధం రాగా విద్యార్థులను నేపుల్స్‌లో దింపి ఆ ఓడను ఆస్పత్రి నౌకగా మార్చినారు. ఒకే కంపెనీ ఒక దేశపు పిల్లలకు ఓడను బడిగా చేసినది, మరొక దేశపు పిల్లలకు కూలిదారిగా చేసినది. దీనిని తలచుకొని వగచి ఊరుకోవడంకన్న, ఆ బడి మన పిల్లలకు మనమే పెట్టుకోవడం మంచిది.

అందుకు అవకాశాలు లేకపోలేదు. కలకత్తానుండి, చెన్నపట్నంనుండి, అప్పుడప్పుడు విశాఖనుండి అండమాను దీవులకు ప్రయాణికుల ఓడలున్నవి. రమారమి మూడు రోజుల ప్రయాణం. 2022 జూన్‌లో విశాఖనుండి పుదుచ్చేరి, చెన్నపట్నాలకు విహారనౌక నడిచినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహారనౌకలకు ప్రత్యేకమైన టెర్మినల్ ప్రారంభమైనది. విహారనౌకలో సుఖమెక్కువ, అండమాను ఓడలో చదువెక్కువ. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయరులో సెల్యులర్ జైలు ఉన్నది. అల్లూరి అనుచరుడు గాము మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి అండమానులో ఖైదు అనుభవించినవారే. మల్లుదొర స్వతంత్ర భారతంలో 1952లో పార్లమెంటు సభ్యుడైనాడు. ఆ గోడలముందు నిలిచిన విద్యార్థికి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

పిల్లలను తీసుకొనిపోయే పెద్దలు కొన్ని విషయాలు గమనించవలెను. మొదటిది కాలం. బంగాళాఖాతం జనవరినుండి మార్చివరకు శాంతంగా ఉంటుంది. నైరుతి ఋతుపవనాలలో అల ఎక్కువ. అక్టోబరు, నవంబరు నెలలు తుపానులవి. 1996 నవంబరు 6న కోనసీమ చవిచూచిన తుపానును ఆ ప్రాంతపు పెద్దలు మరువలేరు. రెండవది వాంతుల బాధ. అల ఊపు ఓడ నడుమ భాగంలో తక్కువగా తెలుస్తుంది. గాలి తగిలేచోట నిలిచి దూరాన దిగంతం వంక చూడమనవలెను. ఖాళీ కడుపూ కూడదు, బరువైన భోజనమూ కూడదు. మూడవది అన్నిటికన్న ముఖ్యం. ఓడ కదలకముందు ప్రాణరక్షణ కవాతు జరుపుతారు. టైటానిక్ మునిగిన తరువాత ప్రపంచం నేర్చుకొన్న పాఠమది. అప్పుడు పిల్లలు నవ్వులాటలకు దిగితే ఉపేక్షించరాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద బోటు మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయినవి. గోదావరి పిల్లలకు ఇంతకన్న చేదు నిదర్శనం చూపనక్కరలేదు. లైఫ్ జాకెట్టు ఎట్లు కట్టుకోవలెనో ప్రతివానిచేతా చేయించి చూడవలెను.

ఇవి దేహరక్షణకు సంబంధించినవి. మనస్సుకు సంబంధించినది మరొకటున్నది. పదిహేనేళ్ల పిల్లవానికి స్వేచ్ఛ కావలెను, మనకేమో భయం. నేలమీద ఈ రెంటికీ పొత్తు కుదరడం కష్టం. ఓడమీద కుదురుతుంది. హద్దులు ఓడే గీస్తుంది. కటకటాలు ఎక్కరాదు, యంత్రశాలవైపు అనుమతి లేక పోరాదు, చీకటిపడిన తరువాత ఒంటరిగా డెక్కుమీద ఉండరాదు, భోజనవేళలకు అందరూ ఒకచోట చేరవలెను. ఈ నాలుగు మాటలు చెప్పి తక్కిన సమయం వారికే విడిచిపెట్టవచ్చు. తీరం దాటిన కొంతసేపటికి సెల్‌ఫోనులో సంకేతం పోతుంది. మొదట పిల్లలు తల్లడిల్లుతారు, ఆ తరువాత పక్కవానితో మాట్లాడడం మొదలుపెడతారు.

చేతికి పని కూడా ఇవ్వవలెను. ధ్రువనక్షత్రం దిగంతానికి ఎన్ని డిగ్రీల పైన కనబడితే ఆ చోటి అక్షాంశం సుమారు అంత. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. విశాఖలో ఒక పిడికిలి మీద మరి ముప్పాతిక పిడికిలి ఎత్తున ఉన్న ధ్రువుడు పోర్టుబ్లెయరు చేరేసరికి పిడికిలికి కొంచెం పైన మాత్రమే నిలుస్తాడు. గడియారం మారకపోయినా సూర్యుడు అక్కడ నలభై నిమిషాలకు దగ్గరగా ముందు ఉదయిస్తాడు. పటంలో చూస్తే కాకినాడ, రంగూన్ దాదాపు ఒకే అక్షాంశంమీద ఉన్నవి. తాత ముత్తాతలు సూర్యునికి ఎదురుగా తిన్నగా తూర్పుకు పోయినారని పిల్లలు తామే కనుగొంటారు. ప్రతిదినం ఇట్టివి ఒక పుస్తకంలో రాయిస్తే అది భూగోళమూ అవుతుంది, తెలుగు వ్యాసరచనా అవుతుంది.

ఆడపిల్లలను ఇంట ఉంచి మగపిల్లలను మాత్రమే తీసుకొనిపోవడం ఈ కాలానికి తగదు. 2017 సెప్టెంబరులో గోవానుండి 'తరిణి' అనే తెరచాప నౌకలో బయలుదేరి, 2018 మే నెలలో భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నావికాదళ వనితలలో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య ఉన్నారు. బర్మాకు పోయిన ఓడలలో స్త్రీల కోసం వెదకవలసివచ్చిన జాతికి ఇది చిన్న మార్పు కాదు.

ఖర్చు అందరికీ అందకపోవచ్చు. అట్టి బడులు పిల్లలను కాకినాడ రేవుకైనా తీసుకొనిపోయి, ఓడలో సరుకు ఎక్కించే తీరు దూరంనుండైనా చూపవచ్చు. కోరంగి వద్ద నిలిపి 1839 కథ చెప్పవచ్చు. ఊరిలో ఎవరి ఇంటనైనా బర్మా టేకు తలుపు ఉంటే అది ఏ చెమటకు ఫలమో అడిగి తెలుసుకొని రమ్మనవచ్చు. మన పూర్వులు ఎదిగే వయస్సులో సముద్రం దాటినది పొట్టకోసం. వారికి సముద్రాన్ని చూచే తీరిక లేదు. ఆ తీరిక నేటి పిల్లలకు ఉన్నది. దానిని వినియోగపరిచే పూచీ పెద్దలది.